ఎవరు కోసిన ఆకు

మొయినాబాద్,
12 ఆగస్టు 2025.

అన్నకు శారద నమస్కరించి రాస్తున్నది.

రాఖీ కట్టి వచ్చి మూడు రోజులే అయింది, అప్పుడే ఉత్తరమా అనుకోకు. ఆ రోజు నీ ఎదురుగా కూర్చుని నేను చెప్పినవాటిలో నీకు ఎన్ని వినపడ్డాయో నాకు తెలియలేదు. ప్రతిదానికీ తల ఊపావు. చెవి మిషను మళ్లీ సొరుగులోనే పడేశావని నీ కొడుకు కల్యాణ్ చెప్పాడు. వాడికి ఫోన్ చేసి చెబుదామంటే నీకు సగమే చేరవేస్తాడు. ఫోన్‌లో పంపితే ఆ అక్షరాలు నీ కంటికి ఆనవు. కాబట్టి బాలప్ప ఆటోయే మనకు టపా. పొద్దున నీ కూరగాయలు ఇక్కడికి తెస్తాడు, తిరిగి పోయేటప్పుడు నా ఉత్తరం చేవెళ్లకు పట్టుకొస్తాడు.

అమ్మ పేరు మీద మనం మా పక్కూరు హిమాయత్‌నగర్‌లో పెడుతున్న మధ్యాహ్నపు బువ్వకు మొన్నటితో మూడేళ్లు నిండాయి. నిన్న అరవై రెండు మంది తిన్నారు. కూలి పని దొరకని రోజు పెద్దవాళ్లు ఎక్కువ వస్తారు, బడి లేని రోజు పిల్లలు ఎక్కువ వస్తారు. ఊరి చుట్టూ ఫామ్‌హౌసుల గోడలు లేచాక, ఒకప్పుడు చేను గట్ల మీద ఊరికే దొరికిన ఆకుకూర కూడా వీళ్లు కొనుక్కోవలసి వస్తున్నది. నిన్న బాలమల్లు తాత తింటూ అన్నాడు: "ఎటు జూసినా పచ్చగనే ఉన్నది బిడ్డా, తినేది మాత్రం ఒక్కటి లేదు. అంత గడ్డే."

మంచి మాట ఒకటి. పోయిన చలికాలంలో పిల్లలకు రక్తం తక్కువని చెప్పిన ఆశా కార్యకర్త మళ్లీ పరీక్షలు చేసింది. "అమ్మా, మీ పాలకూర పని చేస్తున్నది" అన్నది. కుమార్ బిడ్డ పింకీకే అందరికన్నా ఎక్కువ పెరిగిందట. తల్లి లేని పిల్ల, ఏడేళ్లు. కుమార్ ఫామ్‌హౌసులో గడ్డి కోసే పనికి పోతే, ఆ పిల్లకు మధ్యాహ్నం మన బువ్వే.

ఇంకొకటి. పిల్లలకు వారానికి రెండు గుడ్లు పెడితే బాగుంటుందని వంట చేసే వసంతమ్మ అంటున్నది. మన ఇంటి పద్ధతి కాదని నాకు తెలుసు. కోపం తెచ్చుకోకుండా ఒక్కసారి ఆలోచించు.

మీ బావ నిన్ను అడిగినట్టు రాయమన్నారు. గిన్నెల దుకాణంలో గిరాకీ అంతంతమాత్రమే.

నీ చెల్లె
శారద


చేవెళ్ల,
14 ఆగస్టు.

చెల్లె శారదకు అన్న దీవెనలు.

నీ ఉత్తరం పాలకూర తట్టలో నుంచి తడిసి వచ్చింది. అయినా చదవగలిగాను.

గుడ్ల సంగతి. వసంతమ్మ వంట చేస్తే చాలు, మన ఇంటి ఆచారాన్ని దిద్దనక్కరలేదు. అమ్మ ఏకాదశి నాడు ఉల్లిగడ్డ తరిగిన కత్తిపీటను కూడా ముట్టేది కాదు. ఆమె పేరు మీద పెట్టే బువ్వలో గుడ్డు ఎట్లా పెడతాం? వంట మనిషికి చనువిస్తే ఇంతే. ఇవాళ గుడ్డు అంటుంది, రేపు ఇంకేదో అంటుంది. మూడేళ్లుగా నువ్వు ఆమెను నెత్తిన పెట్టుకున్నావు.

పిల్లల రక్తం పెరిగిందన్న వాక్యం మాత్రం నాలుగు సార్లు చదువుకున్నాను. ఆ ఆకు ఎవరు కోస్తున్నారో తెలుసా? నేను. కలుపు తీసే ఆడవాళ్లంతా ఫామ్‌హౌసుల పనికి మళ్లారు. పదిహేను రోజులుగా తెల్లారుతుండగానే కొడవలి పట్టుకుని పెరటి మడిలోకి దిగుతున్నాను. కల్యాణ్ నవ్వుతాడు. "డెబ్బై ఏండ్లకు రైతువైనవు బాపూ" అని పలక మీద రాసి చూపిస్తాడు. నవ్వితే నవ్వనీ. ఈ చెవులు పోయాక దుకాణంలో కూర్చుంటే అందరి మూతులూ కదులుతుంటాయి, నేను గోడలా ఉంటాను. మడిలో ఎవరి మూతీ చూడక్కరలేదు. తడి ఆకు చేతికి తగులుతుంటే నేనూ ఒక పనికి వస్తున్నానని అనిపిస్తుంది.

ఒక్క చుక్క మందు కొట్టలేదు. కలుపు మందు కూడా వద్దన్నాను. అందుకే వానకు గడ్డీ గాదం కాస్త ఎక్కువైంది, అంతే. మన పిల్లలు తినేది కల్తీ లేని ఆకు.

అన్న
పాండురంగం


మొయినాబాద్,
17 ఆగస్టు, ఆదివారం.

అన్నా,

కల్యాణ్ నీకు ఎంత చెప్పాడో తెలియదు. హడావిడిగా రాస్తున్నాను, అక్షరాలు అర్థం కాకపోతే కూడబలుక్కుని చదువుకో.

నిన్న మధ్యాహ్నం జొన్న రొట్టె, అన్నం, పాలకూర పప్పు పెట్టాం. పప్పు రెండు గిన్నెల్లో ఉడికింది. మొదటి గిన్నె అయిపోయాక రెండోది తీశారు. మూడు గంటలప్పుడు నేను ఇంటికి రావడానికి షేర్ ఆటో కోసం నిలబడి ఉన్నాను. వెనక నుంచి ఎవరో అరిచారు. తిరిగి చూస్తే బాలమల్లు తాత నేల మీద కూర్చుని, లేని బీడీని వేళ్ల మధ్య చుట్టుకుంటున్నాడు. చుట్టి, నోట్లో పెట్టుకుని, అగ్గిపుల్ల గీస్తున్నాడు. చేతిలో ఏమీ లేదు అన్నా. పిలిస్తే నా ముఖం చూసి ఎవరో తెలియనట్టు నవ్వాడు.

ఆ తరువాత పిల్లలు. తాగినవాళ్లలా తూలుతున్నారు. నాలుకలు ఎండిపోయి మాట ముద్దగా వస్తున్నది. కళ్లల్లో నల్లగుడ్డు ఇంత పెద్దదై, తెలుపు కనిపించనంతగా అయింది. పింకీ గుమ్మం వైపు చెయ్యి చాచి, "అమ్మ వచ్చింది, జర జరుగుండ్రి, అమ్మకు జాగ ఇయ్యిండ్రి" అన్నది. ఆ గుమ్మంలో ఎవరూ లేరు. కానీ అక్కడున్న వాళ్లందరూ పక్కకు జరిగారు. నేనూ జరిగాను. ఆ క్షణంలో ఎందుకు జరిగానో నాకు ఇప్పటికీ తెలియదు. మరుక్షణం పిల్లకు ఫిట్స్ వచ్చాయి.

మొత్తం పద్నాలుగు మంది. 108లో కొందరిని, ఆటోల్లో కొందరిని దవాఖానకు చేర్చాం. మొదటి గిన్నె పప్పు తిన్నవాళ్లే పడ్డారని తరువాత లెక్క తేలింది. డాక్టర్ "మిగిలింది ఏమన్నా ఉంటే తెప్పించండి" అన్నాడు. అప్పటికే వసంతమ్మ గిన్నెలన్నీ తోమేసింది. పరీక్షకని ఎవరో వచ్చి బియ్యం, పప్పు, నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు.

వసంతమ్మకు ఏమీ కాలేదు. శ్రావణ శనివారం కదా, ఆమెకు ఒక్కపొద్దు. నిన్న ముద్ద ముట్టలేదు.

పిల్లలకు ఏమన్నా అయితే నేనెట్లా బతకాలి? ఈ పూట పొయ్యి వెలిగించలేదు. బువ్వ పెట్టే వంటింటికి తాళం పెట్టాను.

శారద


చేవెళ్ల,
18 ఆగస్టు.

శారదా,

నీ ఉత్తరం చదవగానే చొక్కా వేసుకుని చెప్పులు తొడిగాను. నేను బయలుదేరి వస్తానంటే కల్యాణ్ ఒప్పుకోవడం లేదు. వినపడని మనిషి దవాఖానలో ఏం చేస్తాడని వాడి భయం.

ఒక్క విషయం అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. వండిన మనిషి తినలేదు. తిన్నవాళ్లు పడిపోయారు. పడిపోగానే గిన్నెలు తోమేసింది. ఈ మూడూ ఒకే మనిషి దగ్గర ఎందుకు చేరాయి? గుడ్లు వద్దన్నానని నువ్వు ఆమెకు చెప్పావా? చెబితే ఏమన్నది? పగ పెట్టుకునే మనిషా?

నేను ఆమె మీద నింద వేయడం లేదు. కానీ నువ్వు ఆమెకు దూరంగా ఉండు. ఎవరైనా అడిగితే వంట సంగతి ఆమెకే తెలుసని చెప్పు. అమ్మ పేరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం. ఆ పేరు పోలీసు కాగితంలో ఎక్కకూడదు.

పింకీ ఎట్లా ఉందో వెంటనే రాయి.

అన్న


మొయినాబాద్,
19 ఆగస్టు.

అన్నకు,

తొమ్మిది మంది ఇళ్లకు వచ్చారు. నలుగురు లేచి కూర్చున్నారు. పింకీ లేవలేదు. ఒంట్లో కాక తగ్గడం లేదు, చేతులు గాలిలో ఏదో ఏరుతూనే ఉన్నాయి. కట్టేశారు. కుమార్ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఉన్నాడు.

డాక్టర్ చిన్నవాడు, ఓపిక గలవాడు. నన్ను బయటికి పిలిచి అడిగాడు. "ఆకుకూరలో వేరే ఆకు ఏదైనా కలిసిందా అమ్మా? నాకు అనుమానం ఉంది. దానికి మందు ఉంది. కానీ ఖాయంగా తెలియకుండా చిన్నపిల్లకు ఆ మందు ఇవ్వడం ప్రమాదం" అన్నాడు. నేను గట్టిగా చెప్పాను. "అట్ల కాదు సార్. మా అన్న సొంత మడిల, ఆయన చేతితోని కోసిన ఆకు అది. మా అన్న మీద ఒట్టు." ఆయన ఇంకేమీ అడగలేదు. నీ మీద ఒట్టు పెట్టినందుకు ఏమనుకోకు, నిజమే కదా.

ఊళ్లో మాట వేరే దారి పట్టింది. లేనిది చూడటం, చచ్చినవాళ్లతో మాట్లాడటం మామూలు జబ్బు కాదంటున్నారు. బాణామతి అంటున్నారు. వసంతమ్మ ఒక్కపొద్దు పేరు చెప్పి తినకుండా తప్పుకున్నదనీ, మొగుడు పోయిన దగ్గర నుంచి ఆమె ఒంటరిగా రాత్రిళ్లు ఏదో చేస్తుందనీ, ఒకరు మొదలుపెడితే పదిమంది అందుకుంటున్నారు. నిన్న ఆమె బోరింగు దగ్గరికి బిందె తీసుకుపోతే ఆడవాళ్లంతా తమ బిందెలు ఎత్తుకుని లేచిపోయారట.

నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నువ్వన్న నమ్ముతున్నవా నన్ను?" అని అడిగింది. నీ ఉత్తరం అప్పుడు నా కొంగు ముడిలో ఉంది. "నాకేం తెల్వది వసంతమ్మా, నువ్వు ఇంటికాడనే ఉండు" అన్నాను. వచ్చిన దారినే పోయింది.

శారద


చేవెళ్ల,
20 ఆగస్టు.

శారదా,

ఆకు సంగతి డాక్టర్‌తో మళ్లీ మాట్లాడకు. నా మీద ఒట్టు ఎందుకు పెట్టావు? ఎవరు పెట్టమన్నారు?

ఏం జరిగిందో నాకు తెలిసింది. ఎవరి చేతి వల్ల జరిగిందో కూడా తెలిసింది. పేరు రాయలేను. రాస్తే ఒక ఇల్లు కూలిపోతుంది. మన అమ్మ పేరు కూడా మిగలదు. ఆ మనిషి కావాలని చేశారని అనుకోను, కానీ చేసింది చేసినట్టే.

పిల్ల బతకాలని దేవుడి ముందు దీపం పెట్టాను. ఇంతకన్నా నా చేత కావడం లేదు. ఈ ఉత్తరం చింపెయ్యి.

పాండురంగం


మొయినాబాద్,
21 ఆగస్టు, పొద్దున.

అన్నా,

నువ్వు చింపమన్న ఉత్తరాన్ని నేను మీ బావకు చదివి వినిపించాను. ఒక్కదాన్నే మోయలేకపోయాను. ఆయన దుకాణంలో ఎవరితోనో అన్నారట, "చేవెళ్ల బామ్మర్దికి తెలిసిందట, ఆయన ఊరికే అనడు" అని. ఆ మాట నా కన్నా ముందు హిమాయత్‌నగర్ చేరింది. ఊళ్లోకి వెళ్లేసరికి అది, "శావుకారే చెప్పిండట, వసంతమ్మనే చేసిందట" అయిపోయింది. నువ్వు పేరు రాయలేదు. ఆమె పేరు వాళ్లే పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే, చదివినప్పుడు నేనూ ఆ పేరే పెట్టుకున్నాను.

నిన్న సాయంత్రం ఇరవై మంది దాకా కర్రలు పట్టుకుని ఆమె వాకిట్లోకి పోయారు. ముందు కుమార్. బాలప్ప ఆటో తోలుకుంటూ వచ్చి నాకు చెబితే, వెంటనే అదే ఆటోలో పోయాను. తలుపు అప్పటికే విరిగి పడి ఉంది. ఆమెను జుట్టు పట్టి బయటికి ఈడ్చారు. "పిల్ల మీద చేసింది తీసెయ్, ఇప్పుడే తీసెయ్" అని కుమార్ ఏడుస్తూ కొడుతున్నాడు. ఆమె, "నేనేం జెయ్యలే కుమారూ, పింకీకి నేను చెయ్యార బువ్వ వెట్టిన గద" అంటున్నది. ఎవరో కిరోసిన్ తెమ్మన్నారు. ఆ మాట నా చెవులతో విన్నాను అన్నా. నీకు వినపడకపోవడమే నీ అదృష్టం అనుకున్నాను.

నేను ఆమె మీద పడ్డాను. నన్ను కొట్టడానికి వాళ్లకు చెయ్యి రాలేదు. దుకాణపామెను కాబట్టి రాలేదు, అంతే. బాలప్ప, నేను ఆమెను ఆటోలోకి ఎత్తి మొయినాబాద్ తెచ్చాం. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు వేయించాను. ఇప్పుడు మా మిద్దె మీది గదిలో ఉంది. రాత్రంతా నిద్రపోలేదు. కింద ఏ బండి ఆగినా లేచి గోడకు ఆనుకుని కూర్చుంటున్నది. వాళ్లు ఇక్కడికి కూడా వస్తామన్నారట. మీ బావ షట్టర్ ఎత్తలేదు.

పింకీ అట్లాగే ఉంది. డాక్టర్ ఇవాళ, రేపు గడిస్తేనే అంటున్నాడు.

నీకు తెలుసన్నావు. పేరు రాయి. వసంతమ్మే అయితే నా ఇంట్లో ఉంచుకోలేను. కాకపోతే, కాదని నువ్వు ఒక్క మాట రాసేదాకా ఆమెను ఎవరూ బతకనివ్వరు. బాలప్పను నీ వాకిట్లోనే నిలబడమన్నాను. జవాబు లేకుండా తిరిగి రాడు.

శారద


చేవెళ్ల,
21 ఆగస్టు, మధ్యాహ్నం.

శారదా,

పేరు పాండురంగం. నీ అన్న.

ఈ ఉత్తరంతో బాలప్ప ఒక సంచి తెస్తున్నాడు. అందులో ఉన్నది ఉమ్మెత్త మొక్క. నీకు అందే ముందే దాన్ని నేరుగా దవాఖానకు తీసుకుపోయి డాక్టర్ చేతికి ఇవ్వమని బాలప్పకు రాసిచ్చాను. కల్యాణ్ చేత దవాఖానకు ఫోన్ కూడా చేయించాను. అది జరిగిన తరువాతే నువ్వు ఇది చదువుతూ ఉంటావు.

పంతొమ్మిదో తేదీ నీ ఉత్తరంలో వేరే ఆకు అన్న మాట చదివి మడిలోకి పోయాను. ఎండ బాగా ఉంది, అద్దాలు పెట్టుకుని పోయాను. తెల్లారుతుండగా అద్దాలు లేకుండానే కోసేవాణ్ణి. పాలకూర వరుసల మధ్య జానెడు ఎత్తు ఉమ్మెత్త మొలకలు ఉన్నాయి. జూన్‌లో రోడ్డు పక్క నుంచి తోలించిన మట్టిలో విత్తనాలు వచ్చి ఉంటాయి. లేత ఆకు, మెత్తగా, పచ్చగా ఉంది. ఏడెనిమిది మొక్కలకు తలలు లేవు. కొడవలి గాటు పాలకూర మీద ఎట్లా పడిందో వాటి మీదా అట్లాగే పడింది. నేను కోసిన చోటే.

ఆ తరువాత నేను చేసిన పని వినాలి నువ్వు. అన్నీ పీకాను. గుంత తవ్వి పూడ్చాను. పైన మట్టి తొక్కాను. చేతులు మూడు సార్లు కడుక్కున్నాను. మరునాడు తెల్లవారకముందే నీకు ఆ ఉత్తరం రాశాను. పిల్లకు మందు ఉందని, ఏ ఆకో తెలిస్తే ఇస్తామని డాక్టర్ అన్నట్టు నీ ఉత్తరంలో ఉంది. చదివాను. అయినా పూడ్చాను. పొరపాటున కోసింది నా కళ్ల తప్పు. రెండు రోజులు దాచింది మాత్రం నేనే, శారదా. దానికి వేరే ఎవరినీ చూపించలేను.

దేనికి భయపడ్డానని అడిగితే చెప్పలేను. జైలుకు కాదు. రోడ్డు మీద పోయేవాళ్లు నన్ను చూపించి ఏదో అనుకుంటారు, ఆ మూతులు కదులుతాయి, ఏమంటున్నారో నాకు తెలియదు. ఆ భయం. ఇంత చిన్న భయానికి ఆ పిల్లను, ఆ ఆడమనిషిని బలి పెట్టబోయాను. ఇవాళ నీ ఉత్తరంలో కిరోసిన్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. లేచి పోయి గుంత తవ్వాను.

రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాను. ముందు పోలీస్ స్టేషన్‌లో రాసిస్తాను. తరువాత హిమాయత్‌నగర్‌లో అందరి ముందు నిలబడి చెబుతాను. వాళ్లు ఏమన్నా నాకు వినపడదు. అది నాకు మేలు కాకూడదు. నువ్వు పక్కన నిలబడి ప్రతి మాటా గుర్తు పెట్టుకుని, తరువాత రాసి పంపు. ఒక్కటి కూడా తగ్గించకు.

వసంతమ్మకు ఈ ఉత్తరం ఇప్పుడే చదివి వినిపించు.

పాండురంగం


మొయినాబాద్,
30 ఆగస్టు.

అన్నకు,

ఎనిమిది రోజులు ఆలస్యమైంది. తగ్గించి రాయాలని రెండు సార్లు మొదలుపెట్టి చింపేశాను. నువ్వు అడిగినట్టే రాస్తున్నాను.

ముందు పింకీ. ఆ మొక్కను చూడగానే డాక్టర్ ఇంకో పెద్ద డాక్టర్‌తో మాట్లాడి ఆ సాయంత్రమే మందు ఎక్కించాడు. మరునాటికి కాక దిగింది. ఇరవై మూడున కళ్లు తెరిచి, చేతులు ఎందుకు కట్టారని అడిగిందట. మొన్న ఇంటికి వచ్చింది. దగ్గరి అక్షరాలు ఇంకా మసకగా ఉన్నాయట, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందన్నారు. రెండు రోజుల ముందు ఇచ్చి ఉంటే పిల్ల ఇంత నలిగేది కాదని కూడా డాక్టర్ అన్నాడు. అది కూడా రాయాలి కదా, రాశాను.

ఇరవై రెండున నువ్వు స్టేషన్‌లో రాసిచ్చి వచ్చి, వంటింటి ముందు నిలబడి చెప్పడం అయ్యాక, కుమార్ నీ అంగీ పట్టుకున్నాడు. అది నువ్వు చూశావు. వాడు అన్నది, "నా బిడ్డ సచ్చిపోతుంటె నువ్వు మన్ను కప్పినవా? ముసలోడివి, నీకు ఇంక ఎన్ని దినాలున్నయని భయపడ్డవు?" వెనక నుంచి ఒకరు, "వదిలెయ్‌రా, ఆయనకు వినవడదాయె, పెద్దమనిషి, ఒప్పుకున్నడు గద" అన్నారు. ఇంకొకరు, "అన్నం వెట్టిన చెయ్యి, ఏదో అయింది" అన్నారు. మంది మెత్తబడుతున్నారని నాకు తెలిసింది. నిజం చెబుతున్నాను, నాకు ఊపిరి వచ్చింది. అప్పుడు బాలమల్లు తాత కర్ర ఆనించుకుని లేచాడు. "శావుకారు తప్పు జేస్తే పెద్దమనిషి. వసంతమ్మ చెయ్యకున్నా చెయ్యి ఇరగ్గొట్టుడు. ఇదేం న్యాయమయ్యా మనది?" అన్నాడు. నువ్వు అందరి ముఖాలు చూస్తూ, మూతులన్నీ ఎందుకు ఆగాయో తెలియక, నా వైపు చూశావు. దానికి కారణం ఇది.

వసంతమ్మ ఆ రోజు అక్కడికి రానన్నది. నీ ఉత్తరం చదివి వినిపించినప్పుడు ఆమె నిన్నేమీ అనలేదు. నన్నన్నది. "ఆయనకు నేను తెల్వదు. ఆయన భయపడ్డడంటే సరే. మూడేండ్లు నా పక్కన నిలవడ్డవు గదమ్మా, నువ్వెట్ల అనుకున్నవు?" నేను నీ ఉత్తరం మడిచి కొంగున ముడి వేసుకున్నాను.

వంటింటి తాళం తీసి మళ్లీ మొదలుపెడదామని అడిగితే ఆమె ఒప్పుకోలేదు. "ఆ వంటింట్ల వండ. నా వాకిట్ల వండుత. కట్టెలు వట్టుకొని వచ్చిన వాకిలి గద, పల్లాలు వట్టుకొని రమ్మను. రానోడు రాకపాయె" అన్నది. గుడ్లు కూడా ఉంటాయన్నది. నేను నిన్ను అడగకుండానే సరే అన్నాను.

ఆమెను కొట్టినవాళ్ల పేర్లు స్టేషన్‌లో రాసి ఇవ్వమంటే, ఆలోచించి చెబుతానన్నది. ఇంకా చెప్పలేదు. ఆ భయం ఊళ్లో చాలా ఇళ్లలో ఉంది. ఉండనీ.

మొన్న గురువారం ఆమె వాకిట్లో పొయ్యి పెట్టాం. కుడి చేతికి కట్టు, ఎడమ చేత్తో తిప్పింది. ఆకు నేను, ఆశా ఆమె కూర్చుని ఒక్కొక్కటే వెనకా ముందూ చూసి ఏరాం. ఏడుగురు వచ్చారు. బాలమల్లు తాత, ఇద్దరు ముసలమ్మలు, నలుగురు పిల్లలు. నిన్న పందొమ్మిది మంది. పల్లెం ముందు పెట్టుకుని చాలాసేపు ముట్టలేదు. పిల్లల చేతులు తల్లులు పట్టుకుని ఆపారు. ఆకలితోనే కూర్చున్నారు అన్నా, అయినా భయం ఆపింది.

ఇవాళ కుమార్ వచ్చాడు. గోడ అవతల నిలబడి పింకీ కోసమని డబ్బా చాచాడు. వసంతమ్మ గరిటె పట్టుకుని అక్కడి నుంచే అన్నది, "గోడ మీదికెళ్లి నేనియ్య. లోపలికొచ్చి తీస్కపో." వాడు తలుపు లేని ఆ గుమ్మం వైపు చూశాడు. చెప్పులు బయట విడిచి, తల వంచుకుని లోపలికి వచ్చాడు. ఆమె డబ్బా నింపింది. గుడ్డు వేసింది.

నాకు మాత్రం భయం పోలేదు. ఎవరు ముద్ద నోట్లో పెట్టుకున్నా నేను వాళ్ల కళ్లలో నల్లగుడ్డునే చూస్తున్నాను. వసంతమ్మ గమనించింది. "అట్ల సూస్తె ఎవలు తింటరమ్మా? కూసో. నువ్వు గూడ తిను" అని బంతిలో పల్లెం వేసింది. మూడేళ్లలో వడ్డించడమే తప్ప, వాళ్ల మధ్య కూర్చుని నేను ఒక్క ముద్ద తినలేదని అప్పుడు తెలిసింది. మన ఇంట్లో ఎవరమూ తినలేదు. అమ్మ పేరున పెట్టాం, వాళ్లు తిన్నారు, అంతే.

కూర్చున్నాను. పాలకూర పప్పు కలిపాను. అందరూ నన్నే చూస్తున్నారు. తిన్నాను. అప్పుడు పక్కనున్న పిల్ల చేతిని వాళ్ల అమ్మ వదిలింది.

సోమవారం బస్సెక్కి రా. నీ పల్లెం కూడా ఆమెనే అడుగుతాను.

శారద